బొండాం నోరు: తిండి మానేసిన ఒక పఫర్ చేప కేసు

నవంబరు రెండో వారంలో ఒక సాయంత్రం ఒడిశాలోని బరంపురం పెద్ద బజారు వైపు నుంచి ఫోన్ వచ్చింది. "సార్, మా చేప మూడు వారాల నుంచి ఏమీ తినడం లేదు. మందులన్నీ వేసి చూశాం. పొట్టంతా నల్లబడిపోయింది. పిల్లాడు స్కూలుకి వెళ్లనని కూర్చున్నాడు" అంది ఒక తల్లి. ఏం చేపమ్మా అని అడిగాను. వెనక నుంచి పిల్లవాడి గొంతు వినిపించింది: "బొండాం." చేపకి వాడు పెట్టుకున్న పేరు అది. బెదిరితే కొబ్బరి బొండాంలా గుండ్రంగా ఉబ్బుతుందని.

నేను రంగాయిలుండ ఫిషరీస్ కాలేజీలో చదువుకున్నాను. పగలు గంజాం తీరంలో రొయ్యల చెరువుల నీళ్లు పరీక్షించడం నా పని. సాయంత్రాలు బరంపురం, గోపాల్‌పూర్, ఛత్రపూర్ ఇళ్లలో అక్వేరియం చేపలు చూస్తాను. గోల్డ్‌ఫిష్, ఏంజెల్, అరవానా నిత్యం వచ్చేవే. పఫర్ మాత్రం ఏడాదికి రెండో మూడో. ఈ కేసు మొదటి నుంచి చివరిదాకా రాయాలని ఎందుకు అనిపించిందంటే, జబ్బు కంటే వైద్యమే ఈ చేపని ఎక్కువ కుంగదీసింది. పైగా అసలు కారణం నోట్లో కనిపిస్తూనే ఉన్నా, ఇంటివాళ్లతో పాటు నేను కూడా నాలుగు రోజులు దాన్ని గుర్తించలేదు. ఇంటివాళ్లు రాయమన్నారు. పేర్లు మాత్రం వద్దన్నారు.

రోగి, ఇల్లు, తొట్టి

ఆకుపచ్చ చుక్కల పఫర్. వీపు పసుపు కలిసిన ఆకుపచ్చ, దాని మీద గుండ్రటి నల్ల చుక్కలు, కింద తెల్లటి పొట్ట. శాస్త్రనామం డైకోటోమిక్టెరే నైగ్రోవిరిడిస్. పాత పుస్తకాల్లో టెట్రడాన్ అని ఉంటుంది. టెట్రడాన్ అంటే నాలుగు పళ్లది అని అర్థం. ఆ మాట ఈ కేసులో మళ్లీ వస్తుంది.

తోక చివరిదాకా కొలిస్తే 9 సెంటీమీటర్లు. 14 నెలల క్రితం 3 సెంటీమీటర్ల పిల్లగా ఉన్నప్పుడు కొన్నారు. మంచినీటి చేపే, మామూలు నీళ్లు చాలు అని చెప్పి అమ్మారట. ఇది పూర్తి అబద్ధం కాదు, అందుకే ప్రమాదం. ఈ జాతి నది సముద్రంలో కలిసేచోట, మడ అడవుల్లో, చవుడు నీళ్లలో బతుకుతుంది. చిన్నపిల్లలు మంచినీళ్లలోకి కూడా ఎక్కి వస్తాయి కాబట్టి దుకాణం గాజుతొట్టిలో హాయిగానే కనిపిస్తాయి. ఒంటి పెరుగుదలతో పాటు ఉప్పు అవసరం కూడా పెరుగుతుంది.

తొట్టి మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగుంపావు ఎత్తు. లెక్కకు 106 లీటర్లు. ఇసుక, రాళ్లు, పైన వదిలిన ఖాళీ తీసేస్తే నీళ్లు 90 లీటర్లు. మోతాదులన్నీ ఈ 90 మీదే లెక్క కట్టాను. చాలామంది తొట్టి కొలతతో మందు వేస్తారు, అందులో ఉన్న నీళ్లు ఎన్నో కొలవరు.

తిండి సంగతి అడిగితే ఎండబెట్టిన ట్యూబిఫెక్స్ పురుగుల బిళ్లలు, ఫ్రోజెన్ ఎర్ర పురుగులు, పండగ రోజుల్లో పెంకు తీసిన రొయ్య ముక్కలు అన్నారు. అన్నీ మెత్తనివే. నేను పుస్తకంలో రాసుకున్నాను. రాసుకుని, దాని గురించి ఆలోచించకుండా పేజీ తిప్పేశాను.

మూడు వారాల క్రితం తిండి తగ్గించినప్పుడు ఎవరో తెల్లమచ్చల జబ్బు అన్నారు. నీలం మందు, అంటే మిథిలీన్ బ్లూ, మూడు రోజులు వేశారు. తగ్గకపోతే మోతాదు రెట్టింపు చేశారు. తర్వాత ఏదో యాంటీబయాటిక్ పొడి. మధ్యలో ఫిల్టర్ స్పాంజి మురికిగా ఉందని కుళాయి కింద శుభ్రంగా పిండి కడిగారు. రెండుసార్లు నీళ్లు మొత్తం మార్చారు. ఇంత జరుగుతున్నా ఎప్పుడో ఒకప్పుడు తింటుందన్న ఆశతో పొద్దున, సాయంత్రం తిండి వేస్తూనే ఉన్నారు. తొట్టి మూలల్లో అద్దాలు అతికించిన సిలికాన్ నీలంగా మారిపోయింది. అది చూస్తేనే ఎంత మందు పడిందో తెలుస్తోంది.

మొదటి రోజు

బొండాం పైన మూలలో, నీటిమట్టానికి దగ్గరగా వేలాడుతోంది. తోక ముడుచుకుని ఉంది. పొట్ట బూడిద రంగు దాటి నలుపులోకి వచ్చింది. పఫర్‌కి కష్టం కలిగితే మొదట చెప్పేది పొట్టే. గడియారం పట్టుకుని లెక్కిస్తే మొప్పలు నిమిషానికి 120 సార్లు ఆడుతున్నాయి. పొట్ట లోపలికి పీక్కుపోయి, పక్క నుంచి చూస్తే తల పెద్దగా, ఒళ్లు చిన్నగా కనిపిస్తోంది. తెల్లని దారంలాంటి మలం వేలాడుతోంది. ఒంటి మీద తెల్ల మచ్చ ఒక్కటీ లేదు. జిగురు పొర లేదు. కళ్లు స్వచ్ఛంగా ఉన్నాయి. పైగా ఒక కన్ను నా వేలిని, ఇంకో కన్ను పిల్లవాడిని విడివిడిగా అనుసరిస్తున్నాయి. అది చూశాక నాకు ధైర్యం వచ్చింది. చుట్టూ ఏం జరుగుతోందో గమనించే చేపకి అవకాశం ఉన్నట్టే.

నీళ్లు పరీక్షించాను. వేడి 25 డిగ్రీలు. పీహెచ్ 7.4. అమ్మోనియా 2 పీపీఎం, అంటే లీటరుకి 2 మిల్లీగ్రాములు. నైట్రైట్ 1 పీపీఎం. ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్‌లో సాలినిటీ, అంటే ఉప్పదనం, సున్నా.

ఏం జరిగిందో అక్కడే అర్థమైంది. చేప వదిలే అమ్మోనియాని, కుళ్లిన తిండి నుంచి వచ్చే అమ్మోనియాని ఫిల్టర్ స్పాంజిలో కాపురముండే బ్యాక్టీరియా తిని, ముందు నైట్రైట్‌గా, తర్వాత అంత హాని లేని నైట్రేట్‌గా మారుస్తుంది. మిథిలీన్ బ్లూ ఆ బ్యాక్టీరియాని దెబ్బ తీస్తుంది. యాంటీబయాటిక్ మరో దెబ్బ. మిగిలినదాన్ని కుళాయి నీళ్లలోని క్లోరిన్ కడిగేసింది. పైనుంచి తినని తిండి రోజుకు రెండుసార్లు పడుతోంది. చేప తన విషంలో తానే మునిగి ఉంది.

ఇక్కడ ఒక విషయం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఉప్పునీటి చేప అని తెలియగానే చాలామంది ఆ రోజే సముద్రపు ఉప్పు గుమ్మరిస్తారు. టెస్ట్ కిట్ చూపించే అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి మొప్పల్ని కాల్చేది, ఇంకోటి దాదాపు నిరపాయమైనది. ఏది ఎంత ఉంటుందన్నది పీహెచ్ మీద, వేడి మీద ఆధారపడుతుంది. ఈ తొట్టిలో ఉన్న 7.4 దగ్గర విషపు భాగం సుమారు ఒకటిన్నర శాతం. అదే పీహెచ్ 8.2 అయితే ఎనిమిది శాతం పైనే. సముద్రపు ఉప్పు మిశ్రమం పీహెచ్‌ని సరిగ్గా అక్కడికే తీసుకెళ్తుంది. అంటే మంచి ఉద్దేశంతో ఉప్పు పోసినవాళ్లు గంటలో విషాన్ని ఆరు రెట్లు చేస్తారు. రొయ్యల చెరువుల్లో మధ్యాహ్నం పీహెచ్ పెరిగినప్పుడు ఏం జరుగుతుందో ఏళ్లుగా చూస్తున్నాను కాబట్టి ఇది నాకు పుస్తకంలో లెక్కలా అనిపించదు. ముందు అమ్మోనియా దిగాలి. సముద్రపు ఉప్పు ఆ తర్వాత.

నైట్రైట్ మాత్రం వేరే కథ. అది మొప్పల ద్వారా రక్తంలోకి వెళ్లి ఆక్సిజన్ మోయకుండా చేస్తుంది. నీళ్లలో మామూలు ఉప్పులోని క్లోరైడ్ ఉంటే అది నైట్రైట్‌ని లోపలికి రానివ్వదు. వంట ఉప్పు పీహెచ్‌ని కదిలించదు. కాబట్టి ఆ రోజు వేసినది కల్లుప్పు, లీటరుకి ఒక గ్రాము చొప్పున 90 గ్రాములు, అదీ నీళ్లలో కరిగించి మూడు విడతలుగా. గంజాం ఉప్పు మడుల నుంచి వచ్చిన కల్లుప్పు ఆ ఇంట్లో జాడీలో ఉంది. అదే సరిపోయింది.

సగం నీళ్లు మార్చాం. పదిహేను లీటర్ల బకెట్లు మూడు, హైపో వేసి క్లోరిన్ తీసి, తొట్టి వేడికి సమానం చేసి, గిన్నెతో మెల్లగా పోశాం. అడుగున కుళ్లిన తిండిని పైపుతో లాగేశాం. మిగిలిన మందు పోవడానికి ఫిల్టర్‌లో యాక్టివేటెడ్ కార్బన్ పెట్టాను. అన్నిటికంటే ముఖ్యమైనది, మా ఇంటి తొట్టిలో రెండేళ్లుగా నడుస్తున్న స్పాంజి ఒకటి ఆ తొట్టి నీళ్లలోనే ముంచి తెచ్చాను. అది పెట్టడమంటే నడుస్తున్న కాపురాన్ని తెచ్చి దింపడమే.

మందు ఏదీ రాయలేదు. రెండు రోజులు తిండి వేయొద్దన్నాను. "మూడు వారాలు పస్తున్న చేపకి ఇంకా పస్తేటి బాబూ?" అంది మామ్మగారు. ఆవిడ బాధ సబబే. కాని నోట్లోకి వెళ్లని తిండి నీళ్లలో విషమవుతోందని చెప్పాను. మందు లేకుండా డాక్టరు వెళ్లిపోతున్నాడేమిటని ఆ తల్లి ముఖంలో టెన్షన్ కనిపించింది. నోరు కూడా చూశాను, పక్క నుంచి. పెదాలు మూసి ఉన్నాయి. బాగానే ఉందనుకున్నాను. అది నా పొరపాటు.

అయిదో రోజు

రెండో రోజు 40 శాతం, మూడో రోజు 30 శాతం నీళ్లు మార్చారు. పిల్లవాడు తొమ్మిదో తరగతి. రోజూ తనే టెస్ట్ చేసి, రంగుల కార్డు పక్కన గొట్టం పెట్టి ఫొటో పంపేవాడు. అమ్మోనియా 2 నుంచి 1, తర్వాత అర, నాలుగో రోజుకి పావు. పొట్ట మళ్లీ తెల్లబడింది. మొప్పలు నిమిషానికి 75కి దిగాయి. చేప అద్దం దగ్గరికి వచ్చి మనిషిని చూసి పైకీ కిందికీ ఊగడం మొదలుపెట్టింది. పఫర్ పెంచినవాళ్లకి ఆ ఊగుడు తెలుసు. అది ఆకలి.

కాని తినలేదు.

అయిదో రోజు సాయంత్రం వెళ్లి నేలమీద కూర్చున్నాను. పిల్లవాడు నాలుగు ఎర్ర పురుగులు వేశాడు. బొండాం వెంటనే దూసుకొచ్చింది, గురిచూసింది, నోటితో కొట్టింది, పురుగు పక్కకి తప్పుకుంది. మళ్లీ కొట్టింది. మళ్లీ తప్పింది. నాలుగోసారికి విసిగి వెనక్కి తిరిగింది. తర్వాత నేను తెచ్చిన బఠాణీ గింజంత నత్తను వదిలాను. దాని మీదికి వెళ్లి ముట్టెతో నెట్టింది, నత్త అడుగుకి జారిపోయింది. "అంకుల్, తినాలనే ఉంది కదా దీనికి" అన్నాడు పిల్లవాడు. ఆ ఒక్క మాటతో నాకు మొదటి రోజు రాసుకున్న తిండి జాబితా గుర్తొచ్చింది. మెత్తనివి, అన్నీ మెత్తనివే.

వాడి ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీయమన్నాను. నేను పక్క నుంచి టార్చి పట్టుకున్నాను. ఎదురుగా వచ్చినప్పుడు ఆపి చూస్తే స్పష్టంగా ఉంది. పై పళ్లు కిందివాటిని దాటి చిలుక ముక్కులా వంగి దిగాయి. కింది పలకలు పక్కకి ఒరిగి పైకి పెరిగాయి. పెదాల మధ్య ఉన్న సందు గట్టిగా రెండు మిల్లీమీటర్లు. నోరు తెరిచినా తెరవనట్టే.

ఈ జాతికి దవడకి రెండేసి చొప్పున నాలుగు పళ్ల పలకలు ఉంటాయి. అవి కలిసి ముక్కులా ఏర్పడతాయి, జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. నత్తలు, పీతలు, ఆల్చిప్పలు కొరికి పగలగొట్టే చేప కాబట్టి ఎంత పెరిగినా అంత అరిగిపోతాయి. బొండాం 14 నెలల్లో ఒక్క పెంకు కొరకలేదు. పళ్లు పెరిగి నోరు మూసేశాయి. తిండి తగ్గింది. తిండి తగ్గితే మందు పడింది. మందు వల్ల ఫిల్టర్ చచ్చింది. ఫిల్టర్ చచ్చాక వచ్చిన అమ్మోనియానే నేను మొదటి రోజు జబ్బు అనుకున్నాను.

ఆ రాత్రి చాలాసేపు ఆలోచించింది పళ్లు ఎలా కత్తిరించాలా అని కాదు, ఎప్పుడు అని. చేప నీరసంగా ఉంది, త్వరగా చేస్తే త్వరగా తింటుంది. కాని మత్తు మందు వెళ్లేది మొప్పల నుంచే, ఆ మొప్పలు వారాల తరబడి అమ్మోనియాలో కాలి ఉన్నాయి. మూడు రోజులు ఆగుదామని నిర్ణయించాను. ఈలోగా రొయ్యని ఆవగింజంత ముక్కలుగా తరిగి, డ్రాపర్‌తో నోటి ముందు మెల్లగా వదలమన్నాను. రెండు మిల్లీమీటర్ల సందులోంచి పీల్చుకోగలిగినంత పీల్చుకుంది. రోజుకి అయిదారు ముక్కలు. ఆ కాస్తే దాన్ని నిలబెట్టింది.

పళ్లు కత్తిరించిన రోజు

ఎనిమిదో రోజు, ఆదివారం ఉదయం. అమ్మోనియా సున్నా, నైట్రైట్ కొద్దిగా మిగిలి ఉంది. భోజనాల బల్ల మీద రెండు టబ్బులు, ఒక్కోదానిలో ఆ తొట్టి నీళ్లే మూడు లీటర్లు, రెండిటిలోనూ గాలి బుడగలు వదిలే రాయి. ఒకటి మత్తుకి, ఒకటి తేరుకోవడానికి. ఒక టబ్బుని నగలు తూచే చిన్న కాటా మీద పెట్టి చేపని తూచాం: 21 గ్రాములు.

పఫర్‌ని వలతో పైకి ఎత్తకూడదు. నీళ్లు మింగి ఉబ్బితే తిరిగి వదిలేస్తుంది, గాలి మింగితే అది బయటికి రావడం కష్టం. పొట్ట పైకి తేలి, అలాగే ప్రాణం మీదికి రావచ్చు. ఒక గిన్నె ముంచి, నీళ్లతో పాటు దానిలోకి నడిపించి, నీళ్లతోనే టబ్బులోకి దింపాం.

మత్తుకి లవంగ నూనె. మందుల షాపులో పంటి నొప్పికి అమ్మేదే, కాని వేరే నూనెలు కలపనిది. ఒక చుక్క సుమారు 50 మిల్లీగ్రాములు. నూనె నీళ్లలో కలవదు కాబట్టి చిన్న సీసాలో గోరువెచ్చని నీళ్లు పోసి, చుక్కలు వేసి, పాలలా తెల్లబడేదాకా కుదపాలి. మూడు లీటర్లకి ముందు రెండు చుక్కలే వేశాను. మూడు నిమిషాలు చూశాం. మందగించింది కాని నిటారుగానే ఉంది. ఇంకో చుక్క. మరో రెండు నిమిషాలకి పక్కకి ఒరిగింది, తోక పట్టుకుంటే కదల్లేదు, మొప్పలు మాత్రం ఆడుతున్నాయి. కావలసింది ఆ స్థితి. దాటితే మొప్పలు ఆగిపోతాయి. మోతాదు మించితే ఇదే నూనె చేపని చంపుతుంది. అందుకే మొదటిసారి చేసేవాళ్లు చేతులు తిరిగినవాళ్లని పక్కన పెట్టుకోవాలని గట్టిగా చెబుతాను.

మొప్పలు లెక్కించే పని పిల్లవాడికి ఇచ్చాను. వాడు గట్టిగా "ఒకటి... రెండు... మూడు..." అంటుంటే నా దృష్టి నోటి మీదే ఉంచగలిగాను. తడి గ్లవుజులతో చేపని పట్టుకుని, మొప్పలు నీళ్లలోనే ఉంచి, పెదాలు మాత్రం నీటి పైకి వచ్చేలా వంచాను. గోళ్ల పక్క చర్మం తీసే సన్నని కట్టర్, స్పిరిట్‌తో తుడిచి కడిగినది. వేలి కొసతో కింది పెదవి దింపితే లోపల పళ్లు పాత ఏనుగు దంతం రంగులో, కొస దగ్గర పలచగా, కాస్త పారదర్శకంగా ఉన్నాయి. ఆ పలచటి భాగమే తీయాలి. లోపలికి వెళితే రక్తం వస్తుంది. ఒక మిల్లీమీటరు. టిక్ మని శబ్దం. పైన రెండుసార్లు, కింద రెండుసార్లు. కింది ఎడమ పలక గట్టిగా ఉంది, దాన్ని సగంలో ఆపి మళ్లీ పట్టుకోవలసి వచ్చింది. పిల్లవాడి లెక్కలో అంకెల మధ్య ఎడం పెరిగింది. "అంకుల్, నెమ్మదైపోతోంది." వెంటనే మత్తు లేని నీళ్ల టబ్బులోకి మార్చాను. కట్టర్ ముట్టుకున్న దగ్గర నుంచి 40 సెకన్లు.

తేరుకునే టబ్బులో చేపని అరచేతిలో ఉంచి ముందుకి నెమ్మదిగా నడిపించాను, నోట్లోంచి నీళ్లు వెళ్లి మొప్పల మీదుగా పోయేలా. మొదటి నిమిషం ఏమీ లేదు. గదిలో ఎవరూ మాట్లాడలేదు. రెండో నిమిషంలో ఒక మొప్ప కదిలింది. మూడో నిమిషానికి కళ్లు తిరిగాయి. ఎనిమిదో నిమిషానికి నిటారుగా నిలబడి, మా అందరినీ చూసి, ఒక్కసారిగా నీళ్లు మింగి బొండాంలా ఉబ్బింది. "అయ్యో, పగిలిపోద్దేటి బాబూ!" అని మామ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఈ చేపకి పక్కటెముకలు ఉండవు, పొట్ట సాగుతుంది, భయపడక్కర్లేదని చెప్పాను. నిమిషంలో నీళ్లు వదిలి మామూలుగా అయింది.

అప్పుడే ఆ తల్లి అడిగింది, పఫర్ విషమంటారు కదా, ముట్టుకోవచ్చా అని. విషం టెట్రడోటాక్సిన్. నదుల్లో, సముద్రంలో పట్టిన చేపల్లో ఎక్కువగా కాలేయంలో, అండాశయాల్లో, కొన్ని జాతుల్లో చర్మంలో ఉంటుంది. వండినా పోదు. చేత్తో ముట్టుకుంటే ప్రమాదం లేదు. కాని చేయి కడుక్కోవాలి, ఎప్పుడైనా చేప చనిపోతే పిల్లికో కోడికో వేయకుండా పాతిపెట్టాలి. గోపాల్‌పూర్ ఒడ్డున వల దులిపే మన తెలుగు జాలరులు ఈ రకం పడితే ముట్టెపట్టి పక్కకి విసిరేయడం నేను చూశాను. వాళ్లకి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు.

పెంకులు, ఉప్పు

మర్నాడు సాయంత్రం ఫోన్‌కి ఒక వీడియో వచ్చింది. బొండాం నత్త మీదికి వెళ్లింది, పట్టుకుంది, తల విదిలించింది, కటుక్కుమని శబ్దం. తొట్టి బయటికి వినిపించింది. వీడియో చివర్లో ఇంట్లోవాళ్లందరి గొంతులూ ఒకేసారి ఉన్నాయి.

నత్తలకి కొదవ లేదు మనకి. ఒడియావాళ్లు గెండా అని వండుకు తింటారు, బజారులో దొరుకుతుంది. అయినా పొలం నుంచి తెచ్చినవి నేరుగా వేయవద్దన్నాను. వరి పొలంలో పురుగుమందు కొట్టి ఉండొచ్చు, పురుగుల గుడ్లు మోసుకు రావచ్చు. పెరట్లో సిమెంటు తొట్టిలో చిన్న నత్తలు పెంచుకోమన్నాను, క్యాబేజీ ఆకు వేస్తే నెలలో కావలసినన్ని అవుతాయి. వారానికి మూడు రోజులు నత్తలు, రెండు రోజులు పెంకుతో సహా రొయ్య ముక్క లేదా చిన్న పీత కాలు, ఒక రోజు ఎర్ర పురుగులు, ఒక రోజు పస్తు. మామ్మగారు ఇప్పుడు ఆ పస్తుకి ఒప్పుకుంది.

మొదట్లో కనిపించిన తెల్ల మలం చూసి పేగు పురుగులేమోనన్న అనుమానం నాకూ ఉంది. బయటి నీళ్లలో పట్టి తెచ్చే పఫర్లలో అది మామూలే. కాని ఖాళీ పేగు కూడా అలాంటి మలమే వదులుతుంది. తింటున్నా బరువు పెరగకపోతే అప్పుడు పురుగుల మందు ఇద్దామని ఆగాను. పది రోజుల్లో మలం నల్లగా, గట్టిగా మారింది. ఇప్పటికే మందులతో అలిసిన ఒంటికి ఇంకొకటి వేయనందుకు సంతోషం. పఫర్‌కి పొలుసులు లేవు. రాగి కలిసిన మందులు, ఫార్మాలిన్ దాన్ని మామూలు చేపల కంటే త్వరగా దెబ్బ తీస్తాయి.

అమ్మోనియా, నైట్రైట్ రెండూ మూడు రోజులు వరసగా సున్నా చూపించాక, పదహారో రోజున సముద్రపు ఉప్పు మొదలుపెట్టాం. పిల్లవాడు గోపాల్‌పూర్ సముద్రం నీళ్లే తెద్దామన్నాడు, ఇంటికి 16 కిలోమీటర్లే కదా అని. తేవచ్చు. గుడ్డలో వడకట్టి, చీకట్లో రెండు వారాలు నిలవ ఉంచి, పైతేట వాడితే బాగానే ఉంటుంది. కాని జబ్బు నుంచి లేచిన చేపకి ఒడ్డు నీళ్లలో ఏముందో తెలియని పరిస్థితి వద్దనుకున్నాను. రొయ్యల చెరువుల కాలువ నీళ్లు అసలే వద్దు. మెరైన్ సాల్ట్ ప్యాకెట్ తెప్పించాం.

వారానికి 2 పీపీటీ, అంటే లీటరుకి 2 గ్రాములు మాత్రమే. 90 లీటర్లకి 180 గ్రాములు, మార్చే నీళ్లలో ముందు రోజే కరిగించి. చేప ఒక్క రోజులో తట్టుకున్నా ఫిల్టర్ బ్యాక్టీరియా తట్టుకోదు. నాలుగో వారంలో సాలినిటీ 7 దగ్గర అమ్మోనియా పావు కనిపించింది. ఒక వారం ఉప్పు పెంచడం ఆపాం, మళ్లీ సున్నా అయింది. సంక్రాంతి నాటికి 12కి చేరి అక్కడ నిలిపాను. ఈ చేప పెద్దయ్యాక ఇంకా పెంచేవాళ్లు ఉన్నారు, దానికి వేరే ఫిల్టర్ ఏర్పాట్లు కావాలి. మధ్యలో ఒకసారి 14 చూపించింది. ఆవిరైన నీళ్లకి బదులుగా ఉప్పునీళ్లే పోస్తున్నారట. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు లోపలే ఉంటుంది కాబట్టి తగ్గినంత మేరకు మంచినీళ్లే పోయాలని గోడ మీద కాగితం అంటించాం.

ఇప్పుడు ఇలాంటి ఫోన్ వస్తే నేను ఇంటికి బయలుదేరే ముందే రెండు అడుగుతున్నాను. ఏం పెడుతున్నారు, తిండి వేసినప్పుడు అది దగ్గరికి వస్తుందా. దగ్గరికి రాని చేపకి నీళ్లు చూడాలి. దగ్గరికి వచ్చి తినలేని చేపకి ఎదురుగా నోటి వీడియో తీసి పంపమంటున్నాను. బొండాం విషయంలో ఆ వీడియో మొదటి రోజే తీయించి ఉంటే నీళ్ల పని ఎలాగూ తప్పేది కాదు, కాని ఆవగింజంత రొయ్య ముక్కలు నాలుగు రోజుల ముందే మొదలయ్యేవి.

ఫిబ్రవరి చివర్లో ఆఖరిసారి వెళ్లాను. బరువు 29 గ్రాములు. పొట్ట తెల్లగా, నిండుగా ఉంది. ఎదురు నుంచి చూస్తే నాలుగు పలకలూ సమంగా కలుస్తున్నాయి, కొసలు అరిగి ఉన్నాయి. తొట్టి ఇంక చాలదు, ఈ చేప 15 సెంటీమీటర్లు పెరుగుతుంది, నాలుగడుగులది చూడమని చెప్పాను. పిల్లవాడు ఒక మూలన ఖాళీ నత్త పెంకులు పోగుచేసి ఉంచాడు. ఒక్కోదాని అంచు చిన్నగా, అర్ధచంద్రాకారంగా విరిగి ఉంది. వాటిలో పెద్దదాన్ని నాకిచ్చాడు. నా టెస్ట్ కిట్ పెట్టెలో ఉంది.